ఎప్పుడు ముగుస్తుందో తెలియని పాట: గేమ్ మ్యూజిక్‌లో నా అనుభవం

నేను గేమ్‌లకు మ్యూజిక్ చేస్తానని చెబితే మా చుట్టాల్లో సగం మంది అదేదో బటన్ నొక్కితే టింగుమనే శబ్దం పెట్టే పని అనుకుంటారు. మిగతా సగం మంది "సినిమాల్లో ట్రై చేయలేదా?" అని జాలిగా అడుగుతారు. సినిమాల్లోనే మొదలుపెట్టాను. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక సంగీత దర్శకుడి దగ్గర కొన్నేళ్లు కీబోర్డ్ ప్రోగ్రామర్‌గా చేశాను. పాటలకు లూపులు (మళ్లీ మళ్లీ తిరిగే సంగీతం ముక్కలు) వేయడం, రీరికార్డింగ్‌లో, అంటే సినిమా నేపథ్య సంగీతంలో, వెనకాల ప్యాడ్లు (సాగే స్వరాలు) పరచడం, రాత్రి రెండింటికి డైరెక్టర్ గారు వచ్చి "ఇంకొంచెం మాస్‌గా" అంటే తెల్లారేలోపు మాస్‌గా చేయడం. పని నచ్చేది. కాకపోతే ఆ గదిలో నాకన్నా ముందు వరసలో ముగ్గురున్నారు, వాళ్లకే ఇంకా పేరు పడలేదు.

గేమ్‌లలోకి రావడానికి కారణం గ్లోబల్ గేమ్ జామ్. 2009 నుంచి ఏటా జనవరి ఆఖర్లో ప్రపంచమంతా జరిగే వ్యవహారం అది. నేను వెళ్లిన ఏడు శుక్రవారం సాయంత్రం ఒక థీమ్ ఇచ్చారు, ఆదివారానికల్లా ఆడగలిగే ఆట తయారు చేయాలి. హైదరాబాద్‌లో ఒక కాలేజీలో జరుగుతుంటే, మ్యూజిక్ చేసేవాడు దొరకడం లేదని నా రూమ్మేట్ తీసుకెళ్లాడు. నలుగురు కుర్రాళ్లు, లాప్‌టాప్‌లు, చల్లారిపోయిన బిర్యానీ పొట్లాలు. వాళ్ల ఆటలో ఒక పడవవాడు ఉంటాడు. వరదొచ్చిన గోదావరిలో లంక ఊళ్లకు మందులు, సరుకులు చేర్చాలి. ఐడియా విని బ్యాగులోంచి చిన్న మిడి కీబోర్డ్ తీశాను. సినిమా అలవాటు కదా, మొదట అడిగింది "ఎంత సేపు కావాలి?" అని.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోడ్ రాసే కుర్రాడు అన్నాడు: "అది ఆడేవాడి ఇష్టం బ్రో. రెండు నిమిషాల్లో దాటేయొచ్చు. ఒడ్డున పడవ ఆపుకుని అరగంట కూర్చోనూ వచ్చు."

రీరికార్డింగ్‌లో రీలు లాక్ అయ్యాకే, అంటే ఎడిటింగ్ ఖాయమయ్యాకే, పని మొదలవుతుంది. హీరో ఎన్నో సెకనుకు తలుపు తంతాడో ముందే తెలుసు కాబట్టి, ఆ సెకనుకు డ్రమ్ము కొడితే చాలు. ఇక్కడ ఆ తలుపు తన్నేవాడు ఆట కొన్న మనిషి. తంతాడో లేదో, తంతే ఎప్పుడు తంతాడో వాడికే తెలియదు.

ఆ రాత్రి నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన తెనాలి వైపు పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. పద్యం అయిపోయాక నటుడు రాగం ఎత్తుకుంటాడు. ఎంత దూరం తీస్తాడో ఎవరికీ తెలియదు. జనం ఈలలు వేస్తే ఇంకా లాగుతాడు, వన్స్‌మోర్ అంటే మొత్తం మళ్లీ మొదలెడతాడు. హార్మోనిస్టు అతని గొంతు వెనకాలే నడుస్తూ, అతను ఆగిన చోట ఆగాలి. ఆగినట్టు తెలియకూడదు కూడా. చిన్నప్పుడు స్టేజీ పక్కన కూర్చుని చూసేవాణ్ణి, నాన్న కళ్లు మెట్ల మీద ఉండేవి కావు, నటుడి ఛాతీ మీద ఉండేవి. ఊపిరి తీసుకుంటున్నాడా వదులుతున్నాడా అని. నేను చేయాల్సింది అదేనని అర్థమైంది. కాకపోతే నా బదులు ఆ ఊపిరిని చూడాల్సింది ఒక సాఫ్ట్‌వేర్.

జామ్ అయిపోయింది, ఆట సగంలో ఉంది. ఆ కుర్రాళ్లు వదల్లేదు. కొన్ని నెలలకు చిన్న కంపెనీ పెట్టుకుని దాన్నే పీసీకి, ఫోన్‌కి పూర్తి ఆటగా చేస్తామని మళ్లీ పిలిచారు. అసలు పని అప్పుడు మొదలైంది.

ముందు చేసింది పాత ఆటలు వినడం. మా తరం అందరిలాగే నాకూ మారియో తెలుసు. ఊళ్లో అద్దెకిచ్చే టీవీ వీడియో గేమ్, పసుపుపచ్చ కాసెట్, పడకపోతే నోటితో ఊది మళ్లీ పెట్టడం. ఆ పాట బుర్రలో ఉండిపోయిందే గానీ, ఎలా కట్టారో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ మెషీన్‌లో మొత్తం ఐదే ఛానళ్లు. బాణీకి రెండు, కింద బేస్‌కి ఒకటి, తాళానికి గరగరమనే శబ్దం ఒకటి, చిన్న చిన్న రికార్డు ముక్కలకు ఒకటి. నాణెం తీసుకున్నా, గెంతినా ఆ శబ్దాలు కూడా ఇందులోంచే రావాలి. అంటే మీరు గెంతినప్పుడల్లా పాటలోంచి ఒక గొంతు కాసేపు పక్కకు తప్పుకుంటుంది. అయినా పాట విరిగినట్టు అనిపించదు. 1985లో అది చేసిన కోజి కోండో, మారియో పరుగుకీ గెంతుకీ సరిపోయే లయ కోసం ముందు చేసిన బాణీని పక్కన పెట్టేసి మళ్లీ కట్టాడు. టైము వంద కన్నా తగ్గగానే పాట వేగం పుంజుకుంటుంది చూడండి, చిన్నప్పుడు నా అరచేతుల్లో చెమట పట్టించింది అదే. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరచాల్సిన రికార్డింగుల జాబితాలో ఈ పాటను చేర్చింది. ఆ జాబితాకెక్కిన మొదటి గేమ్ సంగీతం అదే.

ఇంకా వెనక్కి వెళ్తే 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్. అందులో ఉన్నది పాట అని కూడా అనలేం, దిగుతూ వచ్చే నాలుగు స్వరాలంతే. శత్రువుల్ని కాల్చే కొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదులుతారు, ఆ నాలుగు స్వరాలూ వేగం పెంచుకుంటాయి. ఆడేవాడు ఏం చేస్తున్నాడో సంగీతానికి తెలుస్తుందన్నమాట. ఆ తర్వాత వచ్చిన పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలన్నీ ఆ నాలుగు స్వరాల మీద కట్టిన మేడలేనని నా నమ్మకం.

మా ఆటకు వద్దాం. ఎఫ్‌మాడ్ అనే సాఫ్ట్‌వేర్ వాడాం. ఆటను నడిపే గేమ్ ఇంజిన్‌కీ మ్యూజిక్‌కీ మధ్య కూర్చునే మధ్యవర్తి అది. చిన్న బడ్జెట్ ఆటలకు ఉచితంగానే ఇస్తారు. నేను పాటను ముక్కలుగా, పొరలుగా అందులో పెడతాను. కోడ్ రాసే కుర్రాడు ఆటలోంచి ఒక అంకె పంపుతాడు. మాకు ఆ అంకె నీటిమట్టం: సున్నా అంటే ప్రశాంతం, వంద అంటే మునక. ఏ అంకె దగ్గర ఏ పొర లేవాలో, ఏది పడుకోవాలో నేను గీత గీసి చూపిస్తాను. అడుగున తంబూర ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది. దాని మీద వేణువు, వరద పెరిగే కొద్దీ డప్పు, ఇంకా పెరిగితే వయొలిన్ల గుంపు. వినడానికి తేలిగ్గా ఉంది కదా. నాకూ తేలిగ్గానే అనిపించింది.

రాగం దగ్గర చిక్కొచ్చింది. ప్రశాంతంగా ఉన్నప్పుడు మోహన. వరద పెరిగాక శివరంజని. రెండింటికీ ఒక్క స్వరమే తేడా, గాంధారం. స రి ప ద అలాగే ఉంటాయి, అంతర గాంధారం కాస్తా ఒక మెట్టు కిందికి దిగి సాధారణ గాంధారం అవుతుంది. నది అదే, పడవా అదే, ఒక్కటి మారితే మనసు బిక్కుమంటుంది. ఈ ఆలోచన తట్టినప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను. కంప్యూటర్‌లో పెట్టి చూస్తే ఘోరం. నీటిమట్టం నెమ్మదిగా పెరుగుతుంటే మోహన వేణువు నెమ్మదిగా తగ్గుతూ, శివరంజని వేణువు నెమ్మదిగా లేస్తూ ఉంటుంది. నడుమ కొన్ని సెకన్లు రెండు గాంధారాలూ ఒకేసారి వినపడతాయి. పక్కపక్క స్వరాలు రెండు కలిసి మోగితే ఎలా ఉంటుందో సంగీతం తెలియనివాళ్లకూ తెలుస్తుంది, పళ్లు జివ్వుమంటాయి.

నాన్నకు ఫోన్ చేసి వినిపించాను. "ఒరేయ్, నటుడు ఏ రాగంలోకి వెళ్తున్నాడో అర్థం కానప్పుడు మేం ఏం చేస్తామనుకున్నావ్? షడ్జమం, పంచమం పట్టుకుని కూర్చుంటాం. వాడే తేల్చుకుంటాడు" అన్నారు.

అంతే. మధ్యలో మూడో పొర పెట్టాను, అందులో గాంధారమే లేదు. స రి ప ద, వాటి చుట్టూనే తిరిగే చిన్న చిన్న సంగతులు, అంటే బాణీ ముక్కలు. నీటిమట్టం 35 నుంచి 60 దాకా అదే నడుస్తుంది. అది తేలే వరకు ఆడేవాడికి ఇది మంచికో చెడుకో తెలియదు. 60 దాటితే శివరంజని గాంధారం పడుతుంది, 35 కిందికి దిగితే మోహన తిరిగొస్తుంది. ఆట మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. రాగాల గురించి ఒక్క ముక్క తెలియని టెస్టర్ ఒకమ్మాయి "ఇక్కడ ఎందుకో పడవ వెనక్కి తిప్పాలనిపించింది" అని ఫీడ్‌బ్యాక్ షీట్‌లో రాసింది.

వేణువును శాంపిల్స్‌తో (ముందే రికార్డు చేసి అమ్మే స్వరాలతో) లాగించేద్దామని ముందు ప్రయత్నించాం, డబ్బులు లేవు కదా. కీబోర్డ్ మీద స్వరాన్ని వంచే పిచ్ వీల్ ఎంత తిప్పినా గమకం, అంటే స్వరంలోని ఊపు, గమకంలా రాదు, జారుడుబల్ల మీద జారినట్టు వస్తుంది. చివరికి సినిమా రికార్డింగుల్లో వేణువు వాయించే, నేను అన్నా అని పిలిచే ఒకాయన్ను బతిమాలుకున్నాను. ఆయన వచ్చి వేణువులు పరుచుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని అడిగారు: "సిచ్యుయేషన్ ఏంటి తమ్ముడూ?"

"పడవ వెళ్తుంది అన్నా. వరద రావచ్చు, రాకపోవచ్చు."

"వస్తుందా రాదా?"

"అది ఆడేవాడి చేతిలో ఉంది."

ఆయన హెడ్‌ఫోన్ ఒక చెవి మీంచి తీసి నన్నే చూస్తూ ఉండిపోయారు. ఒకే సంగతిని మూడు రకాలుగా కావాలని చెప్పాను: నిబ్బరంగా, అనుమానంగా, భయంగా. మూడూ ఒకే నిడివి, ఒకే శ్రుతి, ఒకే చోట ఊపిరి. ఊపిరి తేడా వస్తే పొర మారినప్పుడు రెండు ఊపిర్లు వినపడతాయి. సినిమాలో అయితే ఆయన ఒక్క టేక్‌లో ఓకే చేసి వెళ్లిపోయే మనిషి. ఇక్కడ సాయంత్రం దాకా పట్టింది. వెళ్తూ వెళ్తూ "నీ ఆట ఏమో గానీ తమ్ముడూ, నాకు శివరంజని మీద విరక్తి పుట్టించావు" అని నవ్వారు. తీసుకున్నది మాత్రం సగం కాల్షీట్ డబ్బులే.

డప్పు రికార్డింగ్ ఇంకో తమాషా. ఏసీ గదిలో తోలు మెత్తబడి మోత చప్పబడింది. వాయించే ఆయన డప్పు పట్టుకుని బయటికెళ్లి, స్టూడియో వెనకాల చెత్తకాగితాలు పోగేసి మంట పెట్టి కాచుకొచ్చారు. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. ఆ పది నిమిషాల వేడిలోనే టేకులన్నీ తీసుకోవాలి, మళ్లీ చల్లబడితే మళ్లీ మంట.

ఇక తాళం. ఆది తాళం, నిమిషానికి 90 బీట్ల వేగం. పొర మారడం సమం మీదే, అంటే తాళం చుట్టు మొదటి దెబ్బ మీదే జరగాలని నా పట్టుదల. కచేరీలో అదే మర్యాద కదా. ఎనిమిది అక్షరాల (బీట్ల) ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకి, ఈ వేగంలో ఐదు సెకన్ల పైనే పడుతుంది. పడవ బండరాయికి కొట్టుకున్నాక ఐదు సెకన్లకు సంగీతం ఉలిక్కిపడితే ఎలా ఉంటుంది? పోనీ కొట్టుకున్న క్షణానే మారిస్తే తాళం తెగుతుంది. మధ్యేమార్గంగా రెండు అక్షరాలకోసారి మారేలా పెట్టాం, అంటే ఎక్కువలో ఎక్కువ 1.3 సెకన్ల ఆలస్యం. ఆ ఖాళీ తెలియకుండా దెబ్బ తగిలిన వెంటనే ఒక చిన్న డప్పు మోత దానంతటదే మోగుతుంది. దాన్ని స్టింగర్ అంటారు. చెవి దాని వైపు తిరిగేలోపు కింద పాట మారిపోతుంది. గారడీవాడు చేసేది కూడా ఇంతకన్నా ఎక్కువేం కాదు.

ఇదంతా మేం కనిపెట్టిందేం కాదు. 1991లోనే లూకాస్‌ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీ వాళ్లు మంకీ ఐలాండ్ రెండో ఆట కోసం ఐమ్యూజ్ అనే పద్ధతి తయారు చేశారు. మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్ అనే ఇద్దరి పని. ఆ ఆటలో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తే పాట అతుకు తెలియకుండా ఇంకో వాయిద్యంలోకి జారుతుంది. అప్పటి కంప్యూటర్ల మీద అది చేశారంటే, ఇప్పుడు మనం ర్యామ్ చాలడం లేదని గొణుక్కోవడం సిగ్గుచేటు.

లూపు అతకడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పాట చివరి స్వరానికి రివెర్బ్ తోక, అంటే స్వరం ఆగాక కూడా కాసేపు వినిపించే మోత, ఉంటుంది. ఫైలు అక్కడ కోసేస్తే మళ్లీ మొదలైనప్పుడు ఆ తోక తెగిపోయి కుక్కున వినపడుతుంది. ఉపాయం ఏమిటంటే పాటను వరసగా రెండుసార్లు మోగించి రికార్డు చేసి, రెండోసారిది మాత్రమే కోసుకోవడం. అప్పుడు మొదటిదాని తోక రెండోదాని మొదట్లో కలిసిపోయి ఉంటుంది. ఇంకోటి, లూపుల్ని ఎంపీ3లో ఇవ్వకండి. ఆ ఫార్మాట్ ఫైలు మొదట్లో కాస్త నిశ్శబ్దాన్ని తనే చేర్చుకుంటుంది. ఎంత బాగా కోసినా తాళంలో కుంటు పడుతుంది. ఓజీజీ అనే ఫార్మాట్ వాడితే ఆ బాధ లేదు.

అన్నీ కుదిరాయనుకున్నాక టెస్టర్ల దగ్గర్నుంచి తిట్లు మొదలయ్యాయి. మూడో లంక దగ్గర ఒక చిక్కుముడి ఉంది, కాలువ లాకులు సరైన వరసలో తెరవాలి. చాలామంది అక్కడ చాలాసేపు ఇరుక్కుపోయేవాళ్లు. ఇరుక్కున్నవాడికి ఎంత మంచి వేణువైనా చెవిలో దోమే. ఒకాయన "ఆ పిల్లనగ్రోవి ఊదేవాణ్ణి ముందు నదిలో తొయ్యండి" అని రాశాడు. ఆ మాట అన్నకు చెప్పలేదు.

కొత్త బాణీలు చేసి పెడదామంటే ఫోన్ వెర్షన్‌కు మొత్తం మ్యూజిక్ 15 ఎంబీ దాటకూడదన్నారు. అప్పుడు మైన్‌క్రాఫ్ట్ గుర్తొచ్చింది. దానికి సీ418 పేరుతో సంగీతం చేసిన డేనియల్ రోసెన్‌ఫెల్డ్ అనే జర్మన్ కుర్రాడి పాటలు ఆటలో ఆగకుండా మోగవు. ఎప్పుడో ఒకసారి వస్తాయి, వెళ్లిపోతాయి, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. అందుకే కోట్లమంది గంటల తరబడి ఆడినా అవి విసుగెత్తలేదు. ఆ సంగీతం కూడా 2025లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాబితాలో చేరింది. మేం కూడా చిక్కుముడి దగ్గర రెండు మూడు నిమిషాలయ్యాక వేణువును దించేశాం. తర్వాత తంబూరను కూడా. మిగిలేది నీళ్లు, కప్పలు, దూరంగా ఎక్కడో మోటారు పడవ. లాకు ఒకటి సరిగ్గా తెరుచుకుంటే వేణువు తిరిగొస్తుంది. డబ్బులిచ్చి చేయించుకున్న సంగీతాన్ని ఆపేయడమేంటని ప్రొడ్యూసర్ కుర్రాడు కాసేపు గింజుకున్నాడు. తర్వాతి టెస్ట్‌లో తిట్లు ఆగాక ఒప్పుకున్నాడు.

ఆఖరి దెబ్బ ఫోన్ స్పీకర్. మంచి స్పీకర్ల మీద గుండె అదిరే డప్పు, పదివేల రూపాయల ఫోన్‌లో పెడితే సన్నటి సిటికెన పుల్ల చిటచిటలు మాత్రమే మిగిలాయి, లావుపాటి సిర్ర పుల్ల దెబ్బ మాయం. చాలా ఫోన్లలో 200 హెర్ట్జ్ కింద వినపడేది దాదాపు శూన్యం. దానికి మందు, కింది శబ్దాన్ని పెంచడం కాదు, కొంచెం చెడగొట్టడం. శాచురేషన్ వేస్తే ఆ మంద్రానికి పైన అనుస్వరాలు (హార్మోనిక్స్) పుడతాయి. చెవి వాటిని విని, లేని మంద్రాన్ని తనే ఊహించుకుంటుంది. అప్పటినుంచి నా బల్ల మీద ఒక పగిలిన పాత ఫోన్ పర్మనెంట్‌గా ఉంటుంది. ఏ మిక్స్ అయినా ముందు దాంట్లో వినాలి.

డబ్బుల సంగతి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతాను. ఇక్కడ లెక్క నిమిషాల్లో ఉంటుంది, పూర్తయిన సంగీతం నిమిషానికి ఇంత అని. నేను మొదలుపెట్టింది నిమిషానికి ఐదు వేలకు. ఆటలో నలభై నిమిషాల సంగీతం అంటే చాలా ఎక్కువే అనిపిస్తుంది గానీ, పొరలన్నీ విడిగా లెక్కేస్తే చేసే పని దానికి మూడింతలు. పొరలకు విడిగా డబ్బు అడగాలని తెలియడానికి సమయం పట్టింది. కంపెనీ ఇచ్చేటప్పుడు పది శాతం టీడీఎస్ పట్టుకుంటుంది, అది రిటర్న్‌లో చూసుకోవాలి. ఒక విదేశీ కంపెనీ సగం డబ్బిచ్చి, ఫైళ్లన్నీ తీసుకుని, తర్వాత మూతపడింది. మెయిళ్లు వెనక్కి వచ్చేవి. అప్పటినుంచి వాటర్‌మార్క్ (మధ్యమధ్యలో వినిపించే గుర్తు శబ్దం) లేని ఫైలు చివరి వాయిదా పడ్డాకే పంపుతున్నాను.

హక్కుల విషయంలో మనవాళ్లు జాగ్రత్తగా చదవాలి. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణతో సినిమా పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో వాటా దక్కే దారి ఏర్పడింది. గేమ్‌లలో నాకు వచ్చిన ఒప్పందాలన్నీ ఏకమొత్తంగా కొనేసేవే. ఆట కోటి కాపీలు అమ్ముడైనా మనకు వచ్చేది ముందు రాసుకున్నదే. అందుకని నేను రెండు విషయాలకు పట్టుబడతాను: ఆటలో నా పేరు ఉండాలి, ఆల్బమ్‌గా విడిగా విడుదల చేసుకునే హక్కు నాకు ఉండాలి. రెండోది ఎందుకంటే క్రిస్టఫర్ టిన్ కథ. 2005లో సివిలైజేషన్ 4 ఆట మెనూ కోసం స్వాహిలీ భాషలో చేసిన ఆయన పాట, తర్వాత ఆయన సొంత ఆల్బమ్‌లో చేరి 2011లో గ్రామీ తెచ్చింది. గేమ్ కోసం పుట్టిన పాటకు గ్రామీ రావడం అదే మొదలు. గేమ్ సంగీతానికంటూ విడిగా అవార్డు పెట్టింది 2023లో, అది మొదట అందుకున్నది స్టెఫానీ ఎకనొము. పాట మన చేతిలో ఉంటే ఎప్పటికో అప్పటికి ఎక్కడో ఒకచోట పనికొస్తుంది.

మా పడవ ఆట విడుదలైంది. కంపెనీ బతకడానికి సరిపడా అమ్ముడైంది, అంతకన్నా గొప్పగా ఏమీ జరగలేదు. నాకు మాత్రం ఆ తర్వాత పని దొరకడం తేలికైంది. హైదరాబాద్‌లో జరిగిన ఐజీడీసీ అనే గేమ్ డెవలపర్ల సదస్సులో వీడియో చూపించే బదులు ఆటనే చేతిలో పెట్టి, నీటిమట్టం మీరే పెంచుకోండి అనేవాణ్ణి. సగం మంది ఆ గాంధారం దగ్గర తలెత్తి చూసేవాళ్లు. అక్కడే విన్న ఒక మాట బాగా పట్టుకుంది. పుణె కుర్రాళ్లు 2020లో తెచ్చిన రాజీ అనే ఆట ఉంది కదా, మన దేవతల కథ, మన వాయిద్యాలు. దాని సంగీతం లినోస్ జెలోస్ అనే గ్రీకు ఆయనది. బాగా చేశాడు, అందులో రెండో మాట లేదు. కాకపోతే మనదగ్గర వేణువు వాయించేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు ఇంతమంది ఉండగా, ఈ పని ఒకటుందని వాళ్లకు చెప్పేవాళ్లే లేరు.

కుర్రాళ్లు మెసేజ్ చేసి ఏ కోర్సు చేయాలని అడుగుతుంటారు. ఫైనల్ ఫాంటసీ సంగీతంతో పేరు తెచ్చుకున్న నొబువో ఉఎమాత్సు స్వయంగా నేర్చుకున్నవాడే. 1986లో స్క్వేర్ కంపెనీలో చేరక ముందు రికార్డులు అద్దెకిచ్చే షాపులో పనిచేసేవాడు. కోర్సు చేయొద్దని కాదు. ముందు ఒక గేమ్ జామ్‌కు వెళ్లండి. వాళ్లకు ఎప్పుడూ మ్యూజిక్ మనిషి తక్కువే ఉంటాడు. రీపర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ 60 డాలర్లకు వస్తుంది, మొదట్లో అది చాలు. ఏఐ గురించి కూడా అడుగుతారు. చౌక ఆటల్లో మెనూ మ్యూజిక్ ఇప్పటికే దాంతో లాగించేస్తున్నారు. స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో ఆట పెట్టేవాళ్లు 2024 నుంచి ఆ విషయం చెప్పుకోవాలి కాబట్టి కొందరు క్లయింట్లు ఏఐ వాడలేదని నా దగ్గర రాయించుకుంటున్నారు. ఆ సంతకం పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఒక గల్లీ క్రికెట్ ఆట. వికెట్ పడినప్పుడు వచ్చే ముక్క రెండు సెకన్లు దాటకూడదట, రోజుకు యాభైసార్లు విన్నా విసుగు పుట్టకూడదట. బకెట్, రేకు తలుపు, సైకిల్ బెల్లు, ఏది పడితే అది వాయించి రకరకాలుగా చేసి పంపాను. ప్రతి వికెట్‌కూ వాటిలోంచి ఒకటి దానంతటదే ఎంచుకునేలా పెడతారు. బకెట్‌ది మాత్రం తీసేయమన్నారు, వాళ్ల బాస్‌కు నచ్చలేదట. నేను ఇంకా వాదిస్తున్నాను.